పూల ఫొటోలకి మాక్రో లెన్స్ కొనేముందు: ఏ పువ్వుకి ఏది సరిపోతుంది?

పూల ఫొటోల మీద ఇష్టం పుట్టగానే చాలామంది అడిగేది "ఏ మాక్రో లెన్స్ కొనాలి?" అని. అంతకన్నా ముందు "నేను ఏ పువ్వులు తీస్తాను?" అని తేల్చుకోవాలి. లెన్స్ ఎంపిక మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మన పెరటి పువ్వుల్లో సగానికి పైగా వాటికి మాక్రో లెన్స్ అవసరమే లేదు. అవసరమైన చోట మాత్రం దానికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

పువ్వు సైజు, ఫ్రేము సైజు

మాక్రో లెన్స్‌కి కొలమానం 1:1. సెంటీమీటరు వెడల్పున్న పువ్వు కెమెరా సెన్సర్ (ఫొటోని పట్టే చిప్పు) మీద కూడా సెంటీమీటరే పడుతుందని దాని అర్థం. మనలో ఎక్కువమంది దగ్గర ఉండేవి ఏపీఎస్-సీ కెమెరాలు. వాటి సెన్సర్ సుమారు 23 ఎంఎం వెడల్పు, 15 ఎంఎం ఎత్తు. కాబట్టి 1:1 దగ్గర ఫ్రేములో పట్టేది తపాలా బిళ్ళంత జాగా మాత్రమే. పూర్తిగా విచ్చుకున్న మందారం పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని 1:1లో తీస్తే ఓ రేకు మూలో, కేసరాల కొసో కనిపిస్తుంది తప్ప పువ్వు కనిపించదు.

లెక్క చాలా తేలిక. సెన్సర్ ఎత్తుని పువ్వు వెడల్పుతో భాగిస్తే ఎన్ని రెట్లు కావాలో తెలిసిపోతుంది. మందారానికి 0.15 చాలు. తంగేడు పువ్వు నాలుగైదు సెంటీమీటర్లు, దానికి 0.3 సరిపోతుంది. పారిజాతం రెండు, రెండున్నర సెంటీమీటర్లు, దానికి 0.6 కావాలి. గట్ల మీద మొలిచే గడ్డిచామంతి, అత్తిపత్తి గులాబిరంగు బంతి, తుమ్మ చెట్టు పసుపు బంతి, ఇవన్నీ సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ. ఇక్కడికొస్తే 1:1 కావాలి. ఉగాది ముందు వచ్చే వేపపూతలో, మామిడిపూతలో ఒక్క పువ్వుని విడిగా చూపించాలంటే 1:1 దాటినా వెళ్ళాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ సంగతి చూడండి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 18-55 ఎఫ్/3.5-5.6 ఎస్‌టీఎం 0.36 రెట్ల దాకా వెళ్తుంది. నికాన్ ఏఎఫ్-పీ 18-55 అయితే 0.38. రెండూ సెన్సర్ నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ చేస్తాయి. అంటే ఫ్రేములో పట్టేది ఆరు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు. మందారం, గులాబి, బంతి, చామంతి, గుమ్మడి పువ్వు, తంగేడు అన్నీ ఈ హద్దులోనే ఉన్నాయి. జూమ్‌ని 55 దగ్గర పెట్టి, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్/8 చేసి, లెన్స్ ఫోకస్ పట్టేంత దగ్గరకి జరిగి తీయండి. ఒక నెల ఇలా తీస్తే, మీకు నిజంగా ఇంకా దగ్గరగా వెళ్ళాలని ఉందో, బ్యాక్‌గ్రౌండ్ బాగా రావాలని ఉందో తెలుస్తుంది. ఈ రెండూ వేరు వేరు కోరికలు. వాటికి కొనాల్సిన సామాను కూడా వేరు.

ఉన్న లెన్స్‌కే తగిలించుకునేవి

ఇందులో ముఖ్యమైనవి రెండు: ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, క్లోజప్ లెన్సులు. ఏది మంచిదని అడిగితే, మీ దగ్గర ఏ లెన్స్ ఉందని నేను తిరిగి అడుగుతాను.

ట్యూబు కెమెరాకీ లెన్స్‌కీ మధ్య వచ్చే ఖాళీ గొట్టం. అద్దం ఏమీ ఉండదు. లెన్స్‌ని సెన్సర్ నుంచి దూరం జరిపితే అది మరింత దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేస్తుంది, అంతే. పెరిగే రెట్లు ఎన్నంటే ట్యూబు పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ పేరులో ఉండే ఎంఎం అంకెతో) భాగించినంత. 50 ఎంఎం లెన్స్‌కి 36 ఎంఎం ట్యూబు పెడితే 0.72 కలుస్తుంది. కెనాన్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎంకి సొంతంగా ఉన్న 0.21 కూడా కలిపితే దాదాపు 1:1 వచ్చేసినట్టే. అదే ట్యూబుని 250 ఎంఎం జూమ్ లెన్స్‌కి పెడితే కలిసేది 0.14 మాత్రమే, పెట్టిన శ్రమ దండగ. 18 ఎంఎం దగ్గర పెడితే ఇంకో రకం ఇబ్బంది: పువ్వు ముందు అద్దానికి తగిలేంత దగ్గరకి వస్తే గానీ ఫోకస్ పట్టదు.

క్లోజప్ లెన్స్ దీనికి సరిగ్గా తలకిందులు. ఇది లెన్స్ ముందు ఫిల్టర్‌లా బిగించే భూతద్దం. దీని బలాన్ని డయాప్టర్లలో చెబుతారు. లెన్స్ ఫోకల్ లెంగ్త్ ఎంత ఎక్కువైతే ఇది అంత ఎక్కువ పెద్దది చేస్తుంది. రేనాక్స్ డీసీఆర్-150 బలం 4.8 డయాప్టర్లు. 100 ఎంఎం దగ్గర ఇది సుమారు అర రెట్టు ఇస్తుంది, 200 దగ్గర దాదాపు 1:1, 250 దగ్గర 1.2. మెయిన్ లెన్స్‌ని దూరానికి ఫోకస్ చేసి ఉంచితే, మీరు జూమ్ ఎంత మార్చినా పువ్వుకీ లెన్స్‌కీ మధ్య దూరం 20 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. పువ్వు మీద లెన్స్ నీడ పడదు, వాలిన తేనెటీగ కంగారుపడి లేచిపోదు. డీసీఆర్-250 ఎనిమిది డయాప్టర్లు కాబట్టి దూరం పన్నెండున్నర సెంటీమీటర్లకి తగ్గిపోతుంది. పురుగుల ఫొటోలకి అది బాగుంటుంది, పువ్వులకి 150 నయం. రెండూ 52 నుంచి 67 ఎంఎం ఫిల్టర్ సైజున్న లెన్సులకి క్లిప్పులా తగులుకుంటాయి. జూమ్ తగ్గిస్తే ఫ్రేము మూలలు నల్లబడతాయి, అది మామూలే.

ఆన్‌లైన్లో కొన్ని వందల రూపాయలకి +1, +2, +4, +10 అని నాలుగు కలిపి అమ్మే సెట్లు ఒకే అద్దంతో చేసినవి. అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు వస్తాయి, మూలలు మసకబారతాయి. రేనాక్స్ లాంటివి, కెనాన్ 500డి లాంటివి రెండో మూడో అద్దాలు కలిపి ఆ రంగుల లోపాన్ని సరిదిద్దినవి. కొనేటప్పుడు "ఆక్రొమాటిక్" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ధర వేలల్లోకి వెళ్తుంది, పెట్టిన డబ్బుకి ఫలితం కూడా కనిపిస్తుంది.

కాబట్టి 55-250 గానీ 70-300 గానీ ఉన్నవాళ్ళకి నేను చెప్పేది క్లోజప్ లెన్స్. 50 ఎంఎం మాత్రమే ఉన్నవాళ్ళకి ట్యూబులు. ట్యూబుల్లో కూడా ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే కొనండి. చవకవాటిలో అవి ఉండవు, అప్పుడు ఇప్పటి లెన్సుల్లో ఎపర్చర్ మార్చుకునే దారే ఉండదు.

పొడవైన లెన్స్ వైపు నేనెందుకు మొగ్గుతున్నానో ఇంకాస్త చెప్పాలి. పువ్వు ఫొటో అందంలో సగం దాని వెనక ఉన్న జాగాది. ఫ్రేములో పువ్వు అంతే సైజులో ఉన్నా, 50 ఎంఎం లెన్స్ వెనకున్న గోడ, బకెట్, బట్టల తీగ అన్నిటినీ లోపలికి లాగుతుంది. 200 ఎంఎం లెన్స్ అదే వెనక జాగాలో చిన్న ముక్కని మాత్రమే తీసుకుని ఫ్రేమంతా పరుస్తుంది. మీరు ఒక అడుగు పక్కకి జరిగితే గోడ పోయి నీడలో ఉన్న ఆకులు వస్తాయి, పువ్వు వెలిగిపోతుంది. ఇళ్ళ మధ్య ఇరుకు పెరట్లో, బాల్కనీ కుండీల దగ్గర ఈ తేడా చాలా పెద్దది. పాత టామ్రాన్, సిగ్మా 70-300 లెన్సుల్లో "మాక్రో" అని రాసినవి కొన్ని ఏ తగిలింపూ లేకుండానే 1:2 దాకా, అంటే సగం సైజు దాకా వెళ్తాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే పూలకి చక్కగా పనికొస్తాయి.

లెన్స్‌ని తిప్పి బిగించే రివర్స్ రింగ్ గురించి కూడా వినే ఉంటారు. చవక, ఫలితం పదునుగా ఉంటుంది. కానీ లెన్స్ వెనక అద్దం బయటికి వచ్చి దుమ్ముకీ పుప్పొడికీ ఎదురుగా ఉంటుంది, ఫోకస్ దూరం బిగుసుకుపోతుంది. ఎపర్చర్ రింగ్ ఉన్న పాత లెన్స్ మీ ఇంట్లో ఉంటేనే దీని జోలికి వెళ్ళండి.

ఫోను

2 మెగాపిక్సెల్ "మాక్రో కెమెరా" అని డబ్బా మీద రాసిన ఫోన్లలో ఆ కెమెరాని వాడకండి. చాలావాటిలో ఫోకస్ ఒకే దూరానికి బిగించి ఉంటుంది, రంగులు కూడా మెయిన్ కెమెరాతో కలవవు. మెయిన్ కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి క్రాప్ చేసుకుంటే అంతకన్నా మంచి ఫొటో వస్తుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో నుంచి అల్ట్రావైడ్ కెమెరా 2 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ చేస్తోంది. వివరాలు అద్భుతంగా వస్తాయి, కానీ వైడ్ లెన్స్ కాబట్టి వెనకున్నదంతా ఫ్రేములోకి వస్తుంది, ఫోను నీడ పువ్వు మీద పడుతుంది. షావోమీ 14 లాంటి కొన్ని ఫోన్లలో టెలిఫోటో కెమెరాయే 10 సెంటీమీటర్ల నుంచి ఫోకస్ చేస్తుంది. పూల కోసమే ఫోను ఎంచుకునేవాళ్ళు ఉంటే ఈ సౌకర్యం ఉందో లేదో చూడమంటాను. మెగాపిక్సెళ్ళ అంకెకన్నా అది చాలా ముఖ్యం.

అసలు మాక్రో లెన్స్

గడ్డిపూలు, పూత, కేసరాల మీది పుప్పొడి రేణువులు, రేకు మీది నూగు. మీ మనసు వీటి మీదికి పోతోందంటే మాక్రో లెన్స్ కొనుక్కోండి. తగిలింపులతో రోజూ తంటాలు పడడం కన్నా అది మంచిది. దూరపు కొండ నుంచి 1:1 దాకా ఏదీ విప్పకుండా, బిగించకుండా ఒక్క లెన్స్‌తో వెళ్ళిపోవచ్చు. పక్కన నిలబడి మనుషుల ఫొటోలూ తీసుకోవచ్చు.

ఇక్కడ ఎంచుకోవాల్సింది ముఖ్యంగా ఫోకల్ లెంగ్త్. పదును విషయంలో పెద్ద కంపెనీల మాక్రో లెన్సులన్నీ బాగానే ఉంటాయి, దాని గురించి రాత్రుళ్ళు మేలుకుని టెన్షన్ పడక్కర్లేదు. నికాన్ 40 ఎంఎం ఎఫ్/2.8 డీఎక్స్ మైక్రో చవక, తేలిక. కానీ 1:1 దగ్గర దాని ఫోకస్ దూరం సెన్సర్ నుంచి 16.3 సెంటీమీటర్లు. అందులో కెమెరా మందం, లెన్స్ పొడవు తీసేస్తే పువ్వుకీ అద్దానికీ మధ్య నాలుగు సెంటీమీటర్లకి అటూ ఇటూగా మిగులుతుంది. వెలుతురు రావడానికి చోటెక్కడిది? కెనాన్ 100 ఎంఎం ఎఫ్/2.8ఎల్ ఐఎస్ అయితే ఆ చోటు 13 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. 150, 180 ఎంఎం మాక్రోలు ఇంకా దూరం, ఇంకా శుభ్రమైన బ్యాక్‌గ్రౌండ్ ఇస్తాయి. బరువు, ధర రెండూ మోయలేనంత పెరుగుతాయి. పూలకి 90 నుంచి 105 ఎంఎం మధ్య ఉన్నదే తీసుకోమని నా సలహా. టామ్రాన్ 90, నికాన్ 105 వీఆర్, సోనీ ఎఫ్‌ఈ 90, కెనాన్ 100, మీ కెమెరాకి ఏది సరిపోతే అది. 2021లో వచ్చిన కెనాన్ ఆర్ఎఫ్ 100 ఎంఎం 1.4 రెట్ల దాకా వెళ్తుంది, పూత తీసేవాళ్ళకి అది అదనపు సుఖం.

స్టెబిలైజేషన్ కోసం ఎక్కువ డబ్బు పెట్టాలా? పూలు చేత్తో పట్టుకుని తీసేవాళ్ళైతే కొంతవరకు. పైన చెప్పిన కెనాన్ 100 ఎఫ్/2.8ఎల్ విషయంలో ఆ కంపెనీ చెప్పే లెక్క ప్రకారమే మామూలు దూరంలో నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) సాయం, 1:1 దగ్గరికొచ్చేసరికి రెండు. పైగా చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ గాలికి ఊగే పువ్వుని ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు. ఆటోఫోకస్ కూడా ఇక్కడ అంత ముఖ్యం కాదు. మాక్రోలో ఫోకస్‌ని ఒకచోట పెట్టేసి, కెమెరాని ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊపుతూ కావలసిన చోట క్లిక్ చేయడమే ఎక్కువమంది పద్ధతి. అందుకే మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవాళ్ళు పాత మాన్యువల్ మైక్రో-నిక్కోర్ 55 ఎంఎం లాంటివి అడాప్టర్‌తో వాడుకుని హాయిగా ఉంటారు. అది సొంతంగా 1:2 దాకా వెళ్తుంది, అంతకు మించి కావాలంటే ట్యూబు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో పాత లెన్స్ కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి లోపల సాలెగూడులా ఫంగస్ ఉందేమో తప్పకుండా చూడండి. హైదరాబాద్ లాంటి నగరాల్లో లెన్సులు రోజు అద్దెకి కూడా ఇస్తారు. కొనేముందు ఒక ఆదివారం అద్దెకి తెచ్చుకుని, గుడిమల్కాపూర్ మార్కెట్లో నాలుగు రకాల పూలు కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుని తీసి చూడండి. దగ్గరివాళ్ళు కడియం నర్సరీలకి వెళ్ళినా అంతే.

ఏ దారిలో వెళ్ళినా ఫోకస్ లోతు మాత్రం అందరినీ ఏడిపిస్తుంది. ఏపీఎస్-సీలో ఎఫ్/8 దగ్గర పావు రెట్టులో తీసిన మందారానికి పదునుగా ఉండే లోతు సుమారు 6 మిల్లీమీటర్లు. అదే ఎఫ్/8తో 1:1కి వెళ్తే అర మిల్లీమీటరు దాటి కాస్తంత. ఎపర్చర్ మూసేస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ 1:1 దగ్గర మీరు పెట్టిన ఎఫ్/8 నిజానికి ఎఫ్/16లా పనిచేస్తుంది, రెండు స్టాపుల వెలుతురు పోతుంది. ఎఫ్/22 పెడితే లోతు పెరుగుతుంది గానీ డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. 1:1లో నేను ఎఫ్/11 దాటను.

వెలుతురు, గాలి

డబ్బు మిగిలితే ఇంకో లెన్స్ కన్నా ముందు వెలుతురు చూసుకోండి. ఎండకీ పువ్వుకీ మధ్య పల్చటి తెల్ల పంచె అడ్డం పట్టుకుంటే గట్టి నీడలు కరిగిపోతాయి. రెండో వైపు థర్మాకోల్ ముక్క పెడితే నీడ వైపు కూడా రంగు కనిపిస్తుంది. కెమెరా మీదుండే చిన్న ఫ్లాష్ మాక్రోలో పనికిరాదు, లెన్స్ నీడే పువ్వు మీద పడుతుంది. గాలి తక్కువుండేది తెల్లవారుజామున. పారిజాతాలు అప్పుడే రాలి ఉంటాయి, చలికాలమైతే మంచు బిందువులు కూడా దొరుకుతాయి. అరకు వైపు వలిసె పూలు విరబూసే రోజుల్లో వెళ్ళేవాళ్ళు కూడా పొద్దున్నే బయల్దేరాలి. షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గకుండా చూసుకుని, అందుకోసం ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) పెంచాల్సి వస్తే పెంచేయండి.

ఎడిటింగ్: ఏ పువ్వుకి ఏ సాఫ్ట్‌వేర్

రంగు పువ్వుల్లో అన్నిటికన్నా కష్టం ఎర్ర మందారం. దాన్నుంచి వచ్చే వెలుతురంతా దాదాపు ఎరుపే. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫు) అంతా సవ్యంగా ఉన్నట్టు చూపిస్తుంటే, ఎరుపు ఛానెల్ మాత్రం ఎప్పుడో పొంగిపోయి ఉంటుంది. ఫలితంగా రేకు మీద ఈనెలు మాయమై ప్లాస్టిక్ ముద్దలా కనిపిస్తుంది. తీసేటప్పుడే మూడు రంగుల్నీ విడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాపు తగ్గించి, రా ఫైలులో (కెమెరా పట్టినదంతా అలాగే ఉంచే ఫైలులో) తీయండి. ఎడిటింగ్‌లో శాచురేషన్ పెంచడం మానేసి, కలర్ మిక్సర్‌లో ఎరుపు ల్యూమినెన్స్‌ని (ఆ రంగు వెలుగుని) కొద్దిగా అటూ ఇటూ జరపండి, ఈనెలు తిరిగి వస్తాయి. బంతి, తంగేడులకి కూడా ఇదే వైద్యం, ఎరుపు బదులు నారింజ, పసుపు. మల్లె, నందివర్ధనం లాంటి తెల్లవాటిని కెమెరా బూడిదరంగులోకి లాగుతుంది, వాటికి ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఫోనుతో తీసేవాళ్ళకి స్నాప్‌సీడ్ చాలు. ఉచితం. అందులో "సెలెక్టివ్" అన్న పనిముట్టుతో ఒక్క రేకు వెలుగుని మాత్రమే మార్చుకోవచ్చు. లైట్‌రూమ్ మొబైల్ కూడా ఉచితంగా మొదలవుతుంది, కానీ రా ఎడిటింగ్, మాస్కులు (ఫొటోలో ఒక భాగాన్నే ఎంచుకుని మార్చడం), హీలింగ్ (మచ్చలు తుడవడం) కావాలంటే చందా కట్టాలి. పూలకి కావలసినవి సరిగ్గా అవే.

కంప్యూటర్లో అసలు పోటీ లైట్‌రూమ్‌కీ డార్క్‌టేబుల్‌కీ. లైట్‌రూమ్‌లో 2021 చివర్లో వచ్చిన మాస్కింగ్‌తో పువ్వుని ఒక క్లిక్కుతో వేరుచేసి బ్యాక్‌గ్రౌండ్‌ని చీకటి చేయొచ్చు. టెక్స్చర్ స్లైడర్ రేకు నూగుని అతిగా గరుకు చేయకుండా పైకి తెస్తుంది. నెలనెలా కట్టగలిగితే తేలికైన దారి ఇదే. డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం, మాస్కుల్లో ఎవరికీ తీసిపోదు. రంగుని బట్టి, వెలుగుని బట్టి మాస్కు చేసుకునే సౌకర్యం పూలకి బంగారం. ఎర్ర పువ్వు చుట్టూ ఆకుపచ్చ ఉంటుంది కాబట్టి రంగుతోనే పువ్వు విడిపోతుంది. నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి, మాడ్యూళ్ళ పేర్లు చూస్తే మొదట్లో దడ పుడుతుంది. విద్యార్థులకీ, చందాలు ఇష్టం లేనివాళ్ళకీ నేను ధైర్యంగా దీన్నే చెబుతాను. రా థెరపీ కూడా ఉచితమే, చిన్న చిన్న వివరాలు బయటికి తీయడంలో గట్టిది. డార్క్‌టేబుల్ నచ్చకపోతే అది ప్రయత్నించండి.

అర మిల్లీమీటరు లోతు సమస్యకి మందు ఫోకస్ స్టాకింగ్. ఫోకస్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, పదునైన భాగాలన్నీ కలిపి ఒకటి చేయడం. కెమెరాలో ఫోకస్ బ్రాకెటింగ్ (కెమెరాయే ఫోకస్ జరుపుతూ వరుసగా తీసే సౌకర్యం) ఉంటే పని సగం అయిపోయినట్టే. ఇది ఇంట్లో, ఫ్యాన్ ఆపేసి, కోసి పెట్టిన పువ్వు మీద చేసే పని. బయట గాలిలో ప్రయత్నించి చిరాకు పడకండి. కోసిన పువ్వు కూడా నీళ్ళు తాగుతూ, విచ్చుకుంటూ కదులుతూనే ఉంటుంది కాబట్టి వరుస మొత్తం త్వరగా పూర్తి చేయాలి.

పది ఫొటోల లోపు కలపడానికి ఫొటోషాప్ ఉన్నవాళ్ళు దానితోనే చేసుకోవచ్చు. అంతకు మించితే హెలికాన్ ఫోకస్ లేదా జెరీన్ స్టాకర్. హెలికాన్ వేగం, వాడడం తేలిక. జెరీన్‌లో రెండు పద్ధతులున్నాయి. పీమ్యాక్స్ ఒకదాని మీదుగా ఒకటి వెళ్ళే నూగు, కేసరాల్లాంటి చోట్ల గట్టిగా నిలబడుతుంది గానీ నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) పెంచుతుంది. డీమ్యాప్ మెత్తటి రేకుల రంగుల్ని అలాగే ఉంచుతుంది. నూగు దట్టంగా ఉన్న పువ్వులు తీసేవాళ్ళకి జెరీన్, నున్నటి రేకులు ఎక్కువ తీసేవాళ్ళకి హెలికాన్ అని నా మొగ్గు. రెండూ కొన్నాళ్ళు ఉచితంగా వాడి చూడనిస్తాయి. ఒకే మందారం వరుసని రెండిట్లో కలిపి, కేసరాల కాడ రేకు మీదుగా దాటే చోట వంద శాతం జూమ్ చేసి చూడండి. ఆ అంచు చుట్టూ మసక వలయం ఏ సాఫ్ట్‌వేర్‌లో తక్కువగా ఉందో దానికే డబ్బు కట్టండి.